కంద బచ్చలి వద్దనే పిల్లలకు భోజనం అలవాటు చేయడం ఎలా?

కోనసీమ ఇళ్లలో కంద బచ్చలి కూరో, పనసపొట్టు కూరో వడ్డించగానే ముఖం తిప్పుకొని, ముద్దపప్పు అన్నం తప్ప మరేదీ వద్దనే పిల్లలు చాలామంది ఉంటారు. రెండు నుంచి ఆరేళ్ల మధ్య కొత్త రుచులకు బెదరడం ఎదుగుదలలో సహజమే కనుక, దాన్ని మొండితనంగా భావించి కోప్పడకూడదు.

అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ సూచించిన పద్ధతి మన ఇళ్లకూ చక్కగా సరిపోతుంది: ఏమి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దలు నిర్ణయించాలి, తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది బిడ్డకే వదిలేయాలి. పిల్లల కోసం వేరే వంట చేయనక్కర్లేదు గాని, వారు ఇష్టపడేది ఒక్కటైనా, పప్పో పెరుగో, కంచంలో ఉండాలి. దాని పక్కన కొత్త కూరను ఉసిరికాయంత వడ్డించి, బతిమాలకుండా పెద్దలు తమ భోజనం తాము చేయాలి. ఒక రుచి అలవాటు కావడానికి పది పదిహేను సార్లు పట్టవచ్చు కాబట్టి, నాలుగుసార్లు వద్దన్నంత మాత్రాన ఆ కూరను మానేయకూడదు.

బిడ్డ మాటను వినడమూ అవసరమే. కంద సరిగా ఉడకకపోతే గొంతు దురద పెడుతుంది; కనుక గొంతు గీరుతోందన్న మాట సాకు కాకపోవచ్చు. ఆవ ఘాటు పడనివారికి, ఆవ కలపకముందే కూర తీసి ఉంచాలి.

కూర తింటే పూతరేకు ఇస్తామని ఆశ పెట్టడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే కూర శిక్షగానూ తీపి బహుమతిగానూ పిల్లల మనసులో నాటుకుంటాయి. సాయంత్రం జంతికలతో, పాలతో కడుపు నింపకూడదు.

బరువు పెరగకపోయినా, మింగేటప్పుడు తరచూ పొలమారినా పిల్లల వైద్యుడికి చూపించాలి.