కడుపులో అయోర్టా ఉబ్బిందన్నారా? స్టెంట్ గ్రాఫ్ట్‌కి ముందు సిక్కోలు వాళ్లు చూసుకోవాల్సినవి

ఏదో కడుపునొప్పికి శ్రీకాకుళంలో అల్ట్రాసౌండ్ తీయిస్తే రిపోర్టులో అయోర్టిక్ అన్యూరిజం అని వస్తుంది, ఇక ఇంటిల్లిపాదికీ టెన్షన్. ముందు పక్కనున్న అంకె చూడండి. అయోర్టా అంటే గుండె నుంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం. సుమారు 2 సెం.మీ. వెడల్పు ఉండాల్సిన అది ఉబ్బి 3కి చేరితే అన్యూరిజం అంటారు, కానీ ఆపరేషన్ మాట సాధారణంగా మగవాళ్లకి 5.5, ఆడవాళ్లకి 5 దగ్గర వస్తుంది. అప్పటిదాకా డాక్టర్ చెప్పిన గడువుకి స్కాన్, బీపీ అదుపు, పొగ బంద్. పొగంటే బీడీ, సిగరెట్టే కాదు, మన మామ్మలు నిప్పు నోట్లోకి పెట్టి కాల్చే అడ్డపొగ కూడా. అది అలవాటే కదా అని డాక్టరుకి చెప్పడం మానేస్తారు, చెప్పండి.

సైజు దాటితే విశాఖలో వాస్క్యులర్ సర్జన్‌ని కలవండి. ఆయన అడిగేది సీటీ యాంజియో, అంటే రక్తనాళాలు కనిపించేలా మందు ఎక్కించి తీసే స్కాన్. ఫిల్ములతో సరిపెట్టుకోకుండా సీడీ కూడా అడిగి తీసుకోండి. ఎందుకంటే ఉబ్బు కిడ్నీ నాళాలకి బాగా కింద ఉంటే చాలామందికి రెడీమేడ్ స్టెంట్ గ్రాఫ్ట్ (ఉబ్బిన చోట నాళం లోపల పెట్టే గొట్టం, రక్తం అందులోంచి పోతుంది) సరిపోతుంది, అదే కిడ్నీలకీ పేగులకీ రక్తం తీసుకెళ్లే కొమ్మల దాకా పాకితే మామూలు గొట్టం వాటిని మూసేస్తుంది కాబట్టి, సరిగ్గా ఆ కొమ్మల ఎదురుగా కన్నాలు వచ్చేలా, దర్జీ చొక్కా కుట్టినట్టు మనిషి కొలతకే చేయిస్తారు. ఆ కొలతలన్నీ సన్నటి పొరలుగా తీసిన సీటీ నుంచే. తయారై రావడానికి వారాలు పడుతుంది, గ్రాఫ్ట్ ఒక్కదానికే లక్షలవుతుంది, అందుకే ఎన్టీఆర్ వైద్య సేవలో ఎంత వస్తుందో, చేతినుంచి ఎంత పెట్టాలో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు, అంటే కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వాళ్లకి అసలు సంగతి కిడ్నీలు. సీటీకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు ఆపరేషన్‌లో మళ్లీ ఎక్కిస్తారు, నీరసించిన కిడ్నీకి అది భారం. స్కాన్‌కి ముందే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి, మాది ఉద్దానం అని మీరే చెప్పండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే ఆపాలో వద్దో అడగండి, సొంతంగా ఆపేయొద్దు.

ఇదేం కొత్త ప్రయోగం కాదు, 1990లోనే బ్యూనస్ ఎయిర్స్‌లో పరోడి అనే సర్జన్ గజ్జల్లోని ధమని గుండా గ్రాఫ్ట్ పంపి చేశారు. కాకపోతే కొమ్మలున్న కేసు కష్టమైనది, ఇలాంటివి ఎన్ని చేశారని సర్జన్‌ని అడగడానికి మొహమాటపడకండి. ఛాతీ దాకా గ్రాఫ్ట్ వేస్తుంటే వెన్నుపాముకి రక్తం తగ్గి కాళ్లు చచ్చుబడే ప్రమాదం గురించి కూడా అడగండి.

డిశ్చార్జ్ అయ్యాక ‘స్టెంట్ వేశారు, అయిపోయింది’ అనుకుంటారు చూడండి, నాకు భయం అక్కడే. గ్రాఫ్ట్ పక్కనుంచి రక్తం మళ్లీ ఆ ఉబ్బులోకి కారొచ్చు, పైకి ఏమీ తెలియదు. అందుకే మామూలుగా ఆపరేషన్ అయిన నెలకి ఒక స్కాన్, ఏడాది నిండాక ఒకటి, ఆపై ఏటా ఒకటి, జీవితాంతం. సంక్రాంతి వెళ్లాక అని ఒక గుర్తు పెట్టుకుంటే తప్పిపోదు.

ఆపరేషన్‌కి ముందైనా తర్వాతైనా, ఉన్నట్టుండి నడుములోనో కడుపులోనో భరించలేని నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం వస్తే ఆ ఉబ్బు పగిలి ఉండొచ్చు, గ్యాస్ అని సోడా తాగించి తెల్లారేదాకా చూడొద్దు, 108కి ఫోన్ చేసి అన్యూరిజం ఉందని మొదటి మాటగా చెప్పి, సీడీ చేతిలో పెట్టుకుని బయల్దేరండి.