మ్యాప్‌లో కవరేజ్ ఉంది, అక్కడికెళ్తే లేదు: తప్పు ఎక్కడ వెతకాలి?

మొబైల్, వైఫై నెట్‌వర్క్ ప్లానింగ్ టూల్‌లో మ్యాప్ అంతా పచ్చగా, అంటే సిగ్నల్ అందుతున్నట్టు ఉంటుంది. అదే చోటికి వెళ్లి కొలిస్తే సిగ్నల్ అందదు. వెంటనే చాలామంది మోడల్‌లో (సిగ్నల్ దారిలో ఎంత తగ్గుతుందో అంచనా వేసే లెక్కలో) ఒక కరెక్షన్ విలువ పెట్టేసి, మ్యాప్‌ను కొలతల దగ్గరికి లాగేస్తారు. దయచేసి ఆ పనితో మొదలుపెట్టకండి. అసలు తప్పు దాని కింద దాక్కుని తర్వాతి సైట్‌లో మళ్లీ బయటపడుతుంది. తేడా ఎంత ఉందో తర్వాత, ముందు ఎలా ఉందో చూడండి. అన్నిచోట్లా ఒకేలా ఉందా, దూరంతో పెరుగుతోందా, ఒక దిక్కునే ఉందా, గోడ దాటాకే మొదలవుతోందా? కారణం చాలావరకు అక్కడే దొరికిపోతుంది.

సమస్య: అన్నిచోట్లా ఒకే తేడా

ఇది గాలిలో తప్పు కాదు, మన లెక్కలో తప్పు. తేడా 30 డీబీ (డెసిబెల్; ప్రతి 10 డీబీకి పవర్ పది రెట్లు) చుట్టుపక్కల ఉంటే పవర్ ఏ లెక్కన ఇచ్చారో చూడండి. 20 మెగాహెర్ట్జ్ ఎల్‌టీఈ (4జీ)లో 1200 సబ్‌క్యారియర్లు, అంటే సిగ్నల్‌ను పంచుకునే సన్నని పాయలు ఉంటాయి. ఫోన్ చూపించే ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం అంకె) వాటిలో ఒక్కదాని పవర్. మొత్తం పవర్ 43 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డీబీల్లో చెప్పే పవర్) అయితే ఒక్కో సబ్‌క్యారియర్‌కు వచ్చేది సుమారు 12 మాత్రమే. 12 ఉండాల్సిన గడిలో 43 వేస్తే మ్యాప్ అంతా 31 డీబీ ఎక్కువ చూపిస్తుంది. తేడా కొద్ది డీబీలే అయితే కేబుల్, కనెక్టర్ నష్టాలు లెక్కలోకి వచ్చాయా, ఫోన్ కారు లోపల పెట్టి కొలిచారా అని అడగండి.

సమస్య: దూరంతో పెరిగే తేడా

మోడల్‌ను దాని హద్దులు దాటించి వాడుతున్నారేమో చూడండి. బాగా వాడుకలో ఉన్న ఒకుమురా-హాటా మోడల్‌నే తీసుకోండి: ఒకుమురా 1968లో ప్రచురించిన కొలతల గ్రాఫులను హాటా 1980లో సూత్రాలుగా మార్చారు. అవి 150 నుంచి 1500 మెగాహెర్ట్జ్ వరకు, 30 నుంచి 200 మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకు, 1 నుంచి 20 కిలోమీటర్ల దూరానికి. 10 మీటర్ల స్తంభం మీది చిన్న సెల్‌కు, 300 మీటర్ల వీధికి అదే సూత్రం వేస్తే సరైన జవాబు రాదు. అలాంటిచోట మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ వారి టీఆర్ 38.901 పత్రంలోని వీధిస్థాయి మోడల్ గానీ, భవనాల డేటా మంచిదుంటే రే ట్రేసింగ్ (తరంగాలు భవనాలకు తగిలి వెళ్లే దారులను ఒక్కొక్కటిగా లెక్కించడం) గానీ వాడండి.

సమస్య: ఒక దిక్కున మాత్రమే సిగ్నల్ లేదు

మోడల్‌ను అనుమానించే ముందు టవర్ దగ్గరికి వెళ్లండి. యాంటెన్నా దిక్కు ప్లాన్‌లో ఉన్నట్టే ఉందా? దిక్సూచిని టవర్‌కు ఆనుకుని పట్టుకోకండి, ఇనుము ముల్లును తిప్పేస్తుంది. నాలుగడుగులు దూరంగా జరగండి. ఒక సెక్టార్ (టవర్ మీద ఒక యాంటెన్నా చూసే దిక్కు) ఉండాల్సిన చోట పక్క సెక్టార్ ఐడీ కనిపిస్తే కేబుళ్లు తారుమారయ్యాయి. అవి సరిగ్గా ఉంటే ఎత్తుల డేటా ఏ సంవత్సరానిదో చూడండి. చాలామంది వాడే ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన నేల ఎత్తులు) డేటా 2000 ఫిబ్రవరిలో తీసింది. ఆ తర్వాత లేచిన భవనాలు అందులో ఉండవు.

సమస్య: బయట బాగుంది, లోపల పోయింది

నేను ఎక్కువగా దెబ్బతిన్నది ఇక్కడే. ఒక అద్దాల భవనానికి అద్దం అంటే రెండు మూడు డీబీలు అనుకుని ప్లాన్ వేశాను. తలుపు బయట నిలబడితే సిగ్నల్ మైనస్ 84 డీబీఎం, పది అడుగులు లోపలికి వేస్తే మైనస్ 110. అద్దం మీద వేడిని ఆపే పలుచని లోహపు పూత ఉంది. కంటికి కనబడదు, రేడియో తరంగాలకు మాత్రం గోడే. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ రేడియో విభాగపు (ఐటీయూ-ఆర్) పీ.2109 సిఫార్సు సంప్రదాయ భవనాలనూ, ఉష్ణాన్ని ఆపే ఆధునిక భవనాలనూ విడివిడిగా లెక్కిస్తుంది. మీ టూల్‌లో రెండింటికీ ఒకే నష్టం ఉంటే విడదీయండి.

గోడ నష్టాన్ని మీరే కొలవండి. అయితే ఒక్కచోట నిలబడి చదివిన అంకెను నమ్మకండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు, ఫోన్‌ను బెత్తెడు జరిపితే చాలు, సిగ్నల్ 20 డీబీ పడిపోవచ్చు. 40 తరంగదైర్ఘ్యాలు, అంటే 5 మీటర్లు నడుస్తూ సగటు తీయండి. బయట అంతే, లోపల అంతే. రెండు సగటుల తేడాయే ఆ గోడ నష్టం.

ఫ్లోర్ ప్లాన్‌లో స్కేలును ఒక తలుపు వెడల్పుతో సరిచూడండి. లిఫ్టు గుంత, ఇనుప ర్యాకులు గీశారా? ఖాళీ గోదాములో కొలిచిన సిగ్నల్, సరుకు నిండాక అలాగే ఉండదు.

సమస్య: సగటు సరిపోయింది, అంచుల్లో ఫిర్యాదులు ఆగలేదు

మ్యాప్ చూపించేది మధ్యస్థ విలువ. సరిగ్గా హద్దు గీత మీద సగం చోట్లే సిగ్నల్ అందుతుంది. అడ్డంకుల నీడల వల్ల వచ్చే హెచ్చుతగ్గుల ప్రామాణిక విచలనం (విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) 8 డీబీ అనుకుంటే, అంచున 90 శాతం నమ్మకానికి 10 డీబీ మార్జిన్ అదనంగా కావాలి.

సమస్య: సిగ్నల్ నిండుగా ఉంది, మన మాట అవతలికి వెళ్లదు

టవర్ 46 డీబీఎంతో అరుస్తుంది, ఫోన్ 23తో బదులిస్తుంది. అప్‌లింక్‌కు (ఫోన్ నుంచి టవర్ వైపు) విడిగా లింక్ బడ్జెట్ (పంపిన పవర్‌లోంచి దారి నష్టాలు తీసేసే లెక్క) వేయండి. వైఫైలోనూ ఇదే సంగతి; యాక్సెస్ పాయింట్ పవర్ పెంచినంత మాత్రాన ఫోన్ పవర్ పెరగదు.

ఇవన్నీ చూశాకే మోడల్ ట్యూనింగ్. కొలిచిన దారుల్లో కొన్నింటిని పక్కన పెట్టి, మిగతావాటితో ట్యూన్ చేసి, పక్కన పెట్టినవాటి మీద పరీక్షించండి. సగటు తేడా సున్నాకు వచ్చినా విచలనం 8 డీబీకి దిగిరాకపోతే, మళ్లీ భవనాల డేటా దగ్గరికే వెళ్లండి.