జీడి పరిశ్రమలో కూలీలకు వడదెబ్బ తగలకుండా చూడటం ఎలా?

ఒడిశా సరిహద్దున పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండకన్నా ఉక్కే ఎక్కువ చంపుతుంది. సముద్రపు గాలిలో తేమకు బాయిలర్ ఆవిరి తోడైతే చెమట కారుతుంది గానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. అందుకే థర్మామీటర్ 36 డిగ్రీలే చూపిస్తున్నా లోపల మనిషి సొమ్మసిల్లుతాడు.

ముందు గాలి సంగతి చూడండి. బాయిలర్ గదిలో, బోర్మా (జీడిపప్పు ఆరబెట్టే వేడి గది) దగ్గర గోడ పైభాగాన ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించి, ఎదుటి గోడ కింది భాగాన కిటికీ తెరవండి. తలుపులన్నీ మూసి ఫ్యాను తిప్పితే లోపలికి గాలి రాదు, వేడీ బయటికి పోదు. జీడి పిక్కలు ఉడకబెట్టడం, బోర్మా నుంచి ట్రేలు దించడం తెల్లవారుజామునే మొదలెట్టి 11 గంటలకు ముగించి, గ్రేడింగ్ (పప్పును రకాలుగా వేరుచేసే) పని మధ్యాహ్నానికి ఉంచుకోండి. ఉక్కగా ఉందని చేతి తొడుగులు మాత్రం తీయనివ్వకండి, జీడి తొక్క నూనె చర్మాన్ని కాలుస్తుంది.

దాహంతో పని లేకుండా 15-20 నిమిషాలకోసారి గ్లాసుడు నీళ్లు తాగాలి. గంటకు లీటరున్నర మించకూడదు. చెమట బాగా పట్టేవారికి ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీటిలో కలపండి, సగం సగం అంచనాలు వద్దు. ఉప్పేసిన మజ్జిగ, చోడి (రాగి) అంబలి మంచివే. నీళ్ల కుండ గేటు దగ్గర పెడితే ఎవరూ లేచి వెళ్లరు, పని చేసేచోటే ఉండాలి. శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు.

అసలు చిక్కు కిలో లెక్క కూలి. "కాసేపు కూర్చోమ్మా" అంటే, "ఈ బుట్ట అయిపోనీండి బాబూ" అంటారు. లేస్తే ఆ కాసేపటి డబ్బులు పోతాయి మరి. కాబట్టి గంటకు 10 నిమిషాలు, గంట కొట్టి అందరికీ ఒకేసారి విరామం ఇచ్చి, దానికీ కూలి కట్టండి. ఇది చేయకుండా మిగతావన్నీ చేసినా ఫలితం సగమే.

కొత్తవారిని వేడి పనిలో మొదటిరోజు షిఫ్టులో ఐదో వంతు మాత్రమే ఉంచి, రోజుకో ఐదో వంతు పెంచుకుంటూ పోండి. ఊరెళ్లి వారం తర్వాత వచ్చిన పాతవారికి మొదటిరోజు సగమే. ఒడిశా జిల్లాలైన గజపతి, గంజాం నుంచి వచ్చేవారికి ఇవన్నీ ఒడియాలో చెప్పించండి.

తల తిరిగినా, వాంతి అయినా, కాళ్ల పిక్కలు పట్టేసినా పని ఆపించి నీడకు తీసుకెళ్లండి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, పడిపోయినా వడదెబ్బే అనుకుని 108కి ఫోన్ చేయండి. ఇటు ఆంధ్రాలోనైనా అటు ఒడిశాలోనైనా అదే నంబరు. చెమట పడుతోంది కదా, పర్లేదులే అనుకోవద్దు. పనిలో తగిలే వడదెబ్బలో చెమట పట్టవచ్చు. అంబులెన్సు వచ్చేలోపు బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ ఫ్యాను పెట్టండి. మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐసు ఉంచండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. పారాసిటమాల్ ఇవ్వకండి, ఈ వేడికి అది పనిచేయదు.