తోటి డీజేకి ట్రాక్ పంపేటప్పుడు ఏమేం జత చేయాలి

“బ్రో, ఇది విను, మస్తుంది” అంటూ గ్రూపులో ఒక యూట్యూబ్ లింక్ పడుతుంది. నలుగురు థంబ్స్ అప్ పెడతారు, ఒక్కరూ సెట్‌లో వాడరు. అది ఏ వెర్షనో, ఎక్కడ కొనాలో, ఏ పాట పక్కన నిలుస్తుందో లింక్‌లో ఉండదు కదా. వినేవాళ్లకి పాట చాలు. డీజేకి మాత్రం ఆ పాటను ఎలా వాడాలో కూడా తెలియాలి. ఫైల్ పంపినా పంపకపోయినా ఆ వివరం పంపడమే అసలు పని.

ముందు వెర్షన్ తేల్చండి

పాత డాన్స్ ట్రాక్‌లలో గందరగోళమంతా ఇక్కడే. బ్రిటిష్ బ్యాండ్ న్యూ ఆర్డర్ ‘బ్లూ మండే’ సంగతే తీసుకోండి. 1983లో వచ్చిన 12 అంగుళాల రికార్డు ఏడున్నర నిమిషాలు ఉంటుంది, క్యాటలాగ్ నంబర్ ఎఫ్‌ఏసీ 73. ‘బ్లూ మండే 1988’ వేరే మిక్స్, దాని 7 అంగుళాల వెర్షన్ నాలుగు నిమిషాలే. మొదటి దాంట్లో ఒంటరి కిక్‌తో మొదలయ్యే పొడవాటి ఇంట్రో మీద కలపడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. మీరు దాన్ని మనసులో పెట్టుకుని పేరు చెబితే, అవతలివాళ్లు రెండోది కొనుక్కుని “ఇందులో అంత టైమ్ ఎక్కడుంది?” అంటారు. అండర్‌వరల్డ్ ‘బోర్న్ స్లిప్పీ’ ఇంకా తిరకాసు. 1995 సింగిల్‌లో ఆ పేరుతో ఉన్నది ఒక పాట, జనం చేతులెత్తి అరిచే ‘బోర్న్ స్లిప్పీ నక్స్’ మరో పాట. రెండూ ఒకటి కావు.

అందుకే పేరుతో పాటు మిక్స్ పేరు, లేబుల్, విడుదలైన ఏడాది, నిడివి రాయండి. అన్నిటికంటే త్వరగా పట్టించేది నిడివే. 3:30 దగ్గర ఉంటే దాదాపుగా రేడియో ఎడిట్. దానికి చాలాసార్లు పొడవాటి ఇంట్రో ఉండదు, త్వరగా వోకల్‌కి వచ్చేస్తుంది. ఆరేడు నిమిషాలుంటే ఒరిజినల్ మిక్స్‌నో ఎక్స్‌టెండెడ్ మిక్స్‌నో అయ్యుంటుంది. పాత రికార్డుల విషయంలో డిస్కాగ్స్ అనే రికార్డుల సైట్‌లో క్యాటలాగ్ నంబర్‌తో వెతికితే ఏ ప్రెస్సింగ్‌లో ఏ మిక్స్ ఉందో కనబడుతుంది.

ఏడాది దగ్గర ఒక జాగ్రత్త. ఆన్‌లైన్ స్టోర్లు చాలాసార్లు రీఇష్యూ తేదీనే ట్యాగ్‌లో పెడతాయి. ముంబైలో చరణ్‌జీత్ సింగ్ 1982లో టీబీ-303 బేస్ సింథ్, టీఆర్-808 డ్రమ్ మెషీన్‌లతో చేసిన ‘టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ 2010లో మళ్లీ విడుదలైంది. మీ ట్యాగ్‌లో 2010 అని ఉందంటే, షికాగో యాసిడ్ హౌస్ కంటే ముందే వచ్చిన రికార్డు మీ లైబ్రరీలో కొత్త పాటల మధ్య కూర్చుంటుంది. అసలు ఏడాది మీరే దిద్దండి, ఆ తర్వాతే పంపండి.

ఫైల్ పంపొచ్చా?

కొన్న పాటను కాపీ చేసి పంచే హక్కు కొన్నంత మాత్రాన రాదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు పాట సొంతదారుదే. ఈవెంట్ నిర్వాహకులు పీపీఎల్, ఐపీఆర్‌ఎస్ లైసెన్సులు తీసుకున్నారు కదా అంటారేమో, అవి జనం ముందు పాట వేయడానికి. ఫైల్ చేతులు మారడానికి వాటితో సంబంధం లేదు.

దీనివల్ల పనేమీ ఆగిపోదు. బ్యాండ్‌క్యాంప్‌లో కొనేటప్పుడు గిఫ్ట్‌గా పంపే వీలుంది. అవతలివాళ్లకు తమకు కావలసిన ఫార్మాట్‌లో డౌన్‌లోడ్ దొరుకుతుంది, డబ్బు పాట చేసినవాళ్లకు వెళుతుంది. నచ్చిన పాతదొకటి ఫ్రెండ్ పుట్టినరోజుకి ఇలా పంపితే గొడవే లేదు. మీరు సొంతంగా చేసిన ట్రాక్ అయితే సౌండ్‌క్లౌడ్‌లో ప్రైవేట్‌గా పెట్టి, డౌన్‌లోడ్ ఆన్ చేసి, ఆ లింక్ ఇవ్వండి. లింక్ బయటికి పొక్కిందనిపిస్తే షేర్ లింక్‌ని రీసెట్ చేయండి, పాత లింక్ చచ్చిపోతుంది. లేబుల్ నుంచి వచ్చిన ప్రోమోలను (ప్రచారం కోసం డీజేలకి పంపే కాపీలు) మాత్రం ఎవరికీ ఫార్వర్డ్ చేయవద్దు. కొన్నిటిలో ఎవరికి పంపారో గుర్తుపట్టే వాటర్‌మార్క్ ఉంటుంది. పేరు బయటపడిందంటే ఆ లేబుల్ నుంచి మరో ప్రోమో రాదు.

మన దగ్గర తిరిగే రోడ్‌షో మిక్స్‌లు, తీన్మార్ రీమిక్స్‌ల సంగతి వేరు. వాటిలో మధ్యమధ్య మిక్స్ చేసినవాళ్ల పేరు వినిపిస్తూ ఉంటుంది. క్లబ్ సెట్‌లో అది వేస్తే మీరు వాయిస్తున్నట్టుండదు, ఇంకొకరి ప్రకటనలా ఉంటుంది. చేసినవాళ్లు తెలిసినవాళ్లయితే పేరు లేని కాపీ అడగండి, మొహమాటం వద్దు.

ఫైల్ నాణ్యత చూసే పద్ధతి

పంపదగిన ఫైలే అయినా పంపేముందు ఒకసారి స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. పాటలోని ఫ్రీక్వెన్సీలన్నీ రంగుల బొమ్మగా కనిపిస్తాయి. అసలైన 320 కేబీపీఎస్ ఎంపీ3లో రంగు దాదాపు 20 కిలోహెర్ట్జ్ దాకా వెళుతుంది. 16 దగ్గర కత్తితో కోసినట్టు ఆగిందంటే అది 128 కేబీపీఎస్ ఫైలో, వీడియో నుంచి లాగిందో అయ్యుంటుంది. తర్వాత దాన్ని 320గానో, కుదించని వేవ్ ఫైల్‌గానో మార్చినా పోయిన హై తిరిగి రాదు, సైజు మాత్రం పెరుగుతుంది. ఇయర్‌ఫోన్లలో తేడా తెలియకపోవచ్చు. పెద్ద సిస్టమ్ మీద హై-హ్యాట్ ఇసుక రాలినట్టు గరగరమంటుంది. అయితే పాత రికార్డుల్లో పైభాగం సహజంగానే పలచగా ఉండొచ్చు. కోత గీత గీసినట్టు ఉందా, మెల్లగా సన్నబడుతోందా అన్నది చూసి చెప్పండి.

ఏడు నిమిషాల ట్రాక్ 320 ఎంపీ3లో దాదాపు 17 ఎంబీ, 16 బిట్ వేవ్‌లో 74 ఎంబీ అవుతుంది. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, ఫైల్ పేరు అలాగే ఉంటుంది. ఆడియోగా పంపితే అటువైపు ఏయూడీ, తేదీ, డబ్ల్యూఏ నంబర్లతో తేలుతుంది. మూడు వారాల తర్వాత అది ఏ పాటో ఎవరికీ గుర్తుండదు.

వేవ్ కంటే ఏఐఎఫ్ఎఫ్ మేలు. శబ్దం రెండిటిలో ఒకటే, ట్యాగ్‌లు, కవర్ బొమ్మ మాత్రం ఏఐఎఫ్ఎఫ్‌లోనే నమ్మకంగా నిలుస్తాయి. నాణ్యత పోకుండా కుదించే ఎఫ్ఎల్ఏసీ పంపేముందు అవతలివాళ్లు దేనిమీద వాయిస్తారో అడగండి. పయనీర్ డీజే ప్లేయర్లలో సీడీజే-2000, సీడీజే-2000 నెక్సస్ దాన్ని చదవవు, నెక్సస్ 2 నుంచి చదువుతాయి. ప్లేయర్ తెర మీద ఈ-8305 అని వచ్చిందంటే ఫార్మాట్ దానికి పడలేదని అర్థం. చూడ్డానికి మామూలు వేవ్‌లాగే ఉన్నా, హెడర్ ‘ఎక్స్‌టెన్సిబుల్’ రకమైతే పాత సీడీజేల మీద ఇదే ఎర్రర్ వస్తుంది. 44.1 కిలోహెర్ట్జ్ ఏఐఎఫ్ఎఫ్‌గా మార్చి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే సర్దుకుంటుంది.

నోట్ ఇలా రాయండి

ట్రాక్‌తో పాటు నాలుగు లైన్లు చాలు. ఒక నమూనా:

“ఒరిజినల్ మిక్స్, 6:36, 126 బీపీఎం, 8ఏ. మొదటి 64 బీట్లు కిక్, హ్యాట్ మాత్రమే, 0:30కి బేస్ వస్తుంది. 2:32కి బ్రేక్, 3:03కి డ్రాప్. 5:35 తర్వాత బేస్ ఉండదు, చివరి నిమిషం బయటికి వెళ్లడానికి. బ్రేక్‌లో వోకల్ ఉంది, ఇంకో వోకల్ పాట మీద వేయకు.”

ఈ సమయాలు ఊహించి రాసేవి కావు, లెక్క ఉంది. 60ని బీపీఎంతో (నిమిషానికి బీట్లు) భాగిస్తే ఒక బీట్‌కి ఎన్ని సెకన్లో వస్తుంది. 126 దగ్గర 64 బీట్లు దాదాపు 30.5 సెకన్లు, 128 దగ్గర సరిగ్గా 30. డాన్స్ ట్రాక్‌లు ఎక్కువగా 32 బీట్ల ముక్కలుగా మారుతుంటాయి కాబట్టి మీరు రాసిన సమయాలు ఆ ముక్కల మీదే పడాలి. పడలేదంటే గ్రిడ్ (సాఫ్ట్‌వేర్ బీట్ల మీద గీసే గీతలు) తప్పిందన్నమాట, లేదా ఆ పాటలో నిజంగానే ఒక 16 బీట్ల ముక్క ఎక్కువ ఉంది. రెండోదైతే నోట్‌లో తప్పకుండా చెప్పండి, లూప్ లేకుండా కలిపేవాళ్లు బోల్తాపడేది అక్కడే.

8ఏ అంటే, కీలను అంకెలతో చూపే కామెలాట్ చక్రంలో ఏ మైనర్. సాఫ్ట్‌వేర్ చెప్పిన కీ ప్రతిసారీ నిజం కాదు, ముఖ్యంగా బేస్‌లైన్ తప్ప పెద్దగా సంగీతం లేని టెక్నోలో. కీబోర్డు మీద ఒక నోటు నొక్కి పోల్చుకుని, అప్పుడు రాయండి. డ్రమ్ అండ్ బేస్‌లో 174 బీపీఎంని సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు 87 అని చూపిస్తుంది. పంపేముందు రెట్టింపు చేసి సేవ్ చేయండి.

ఇదే నోట్‌ని ఫైల్‌లోని కామెంట్ ట్యాగ్‌లో కూడా పెడితే ప్లేయర్ తెర మీద కనిపిస్తుంది. అక్కడ మాత్రం రోమన్ లిపిలో, క్లుప్తంగా రాయండి. తెలుగు అక్షరాలు ప్రతి ప్లేయర్‌లో వస్తాయన్న నమ్మకం పెట్టుకోలేం.

పాతదాన్ని కొత్తదాని పక్కన పెట్టేటప్పుడు

డ్రమ్మర్ చేత్తో వాయించిన డిస్కో పాటలో టెంపో నిలకడగా ఉండదు. 118 దగ్గర మొదలై 121 దాకా పాకొచ్చు. సెట్‌కి పాటలు సిద్ధం చేసే రెకార్డ్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌లో అలాంటివాటిని డైనమిక్ మోడ్‌లో అనలైజ్ చేయాలి. నార్మల్‌లో చేస్తే మొదటి నిమిషం గ్రిడ్ బాగానే కనిపించి తర్వాత జారిపోతుంది. బీట్లను మెషీనే కలిపే సింక్ బటన్ నొక్కినవాళ్ల పని అంతే. డైనమిక్‌లో చేసినా మొదలు, మధ్య, చివర మూడు చోట్ల మెట్రోనోమ్ పెట్టి వినండి. “సింక్ వద్దు, చేత్తో పట్టు” అని నోట్‌లో ఒక మాట రాస్తే చాలు.

పాత 120ని 126కి లాగితే 5 శాతం పెరుగుతుంది, పిచ్ దాదాపు ఒక సెమిటోన్ లేస్తుంది. మాస్టర్ టెంపో ఆన్ చేస్తే కీ నిలుస్తుంది గానీ కిక్ మెత్తబడుతుంది. ఆ పాటకి బలం కిక్కే అయితే మాస్టర్ టెంపో తీసేసి, మారిన కీకి సరిపడే కొత్త ట్రాక్ వెతకండి. అలా దొరికిన జోడీ ఏదైనా ఉంటే రెండు పాటలూ కలిపే పంపండి. ఒక్కో పాట విడిగా పంపడం కంటే ఇది చాలా ఉపయోగం.

ఇక గట్టిదనం. ఎనభైల మాస్టర్ కొత్తదాని పక్కన నీరసంగా వినిపిస్తుంది. మిక్సర్‌లోని ట్రిమ్‌తో నాలుగైదు డీబీ పెంచుకోమని చెప్పండి. లిమిటర్ పెట్టి కొత్తదానిలా నలిపి పంపవద్దు, స్నేర్ చచ్చిపోతుంది. రికార్డు నుంచి మీరే ఎక్కించుకున్నదైతే 24 బిట్‌లో, పీక్ మైనస్ 6 డీబీ దాటకుండా ఎక్కించండి. టర్న్‌టేబుల్ పిచ్ సున్నా మీద ఉందో లేదో చూసుకోండి. 2 శాతం ఎక్కువగా ఉంటే 120 పాట 122.4 అని వస్తుంది, కీ కూడా ఎటూ కాకుండా పోతుంది.

క్యూ పాయింట్లు, ప్లేలిస్ట్

రెకార్డ్‌బాక్స్ నుంచి ప్లేలిస్ట్‌ని టెక్స్ట్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే పాట పేరు, బీపీఎం, కీ వరుసగా వస్తాయి. గ్రూపులో పంచడానికి అదే హాయి. ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌గా పంపితే క్యూలు (పాటలో గుర్తుపెట్టుకున్న చోట్లు), గ్రిడ్ కూడా వెళతాయి. కాకపోతే అది ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో చూసి వెతుకుతుంది, కాబట్టి అవతలి కంప్యూటర్‌లో దారి వేరైతే పాటలన్నీ మిస్సింగ్ అంటుంది. మీది ఎంపీ3, వాళ్లది వేవ్ అయినా, వాళ్లు వేరే సాఫ్ట్‌వేర్ వాడుతున్నా క్యూలు దాదాపు 26 మిల్లీసెకన్లు పక్కకి జరగొచ్చు. ఎంపీ3 మొదట్లో ఎన్‌కోడర్ చేర్చే ఖాళీని ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా లెక్కపెట్టడమే దానికి కారణం. చెవికి రెండు కిక్‌లు ఒకదాని వెనక ఒకటి తగిలినట్టు వినిపిస్తుంది. అందుకే క్యూలను ఫైల్‌గా పంపడం కంటే పైన చెప్పిన నోట్‌లోలా సమయం రాయడమే నయం.

కాపీ లేకుండా బూత్‌లోనే పంచుకోవడం

ఇద్దరూ కలిసి బ్యాక్ టు బ్యాక్ (వంతులవారీగా) వాయిస్తుంటే అసలు ఫైల్ ఇవ్వనక్కర్లేదు. సీడీజేలను లాన్ కేబుల్స్‌తో హబ్‌కి కలిపి, ప్రతిదానికీ వేరే ప్లేయర్ నంబర్ ఇచ్చారంటే లింక్ బటన్ నొక్కి ఎదుటివాళ్ల యూఎస్‌బీలోని పాటను ఇటు లోడ్ చేసుకోవచ్చు. రెండు ప్లేయర్లకి ఒకే నంబర్ ఉంటే ఒకదాన్నొకటి చూడవు, అక్కడే చాలామంది కేబుల్‌ని తిట్టుకుంటారు. తన సెట్ అయిపోయిందని యూఎస్‌బీ పీకేవాళ్లని ఆపండి. ఆ డ్రైవ్‌లోని పాట పక్క ప్లేయర్‌లో నడుస్తుంటే అది ఎమర్జెన్సీ లూప్‌లో పడి నాలుగు బీట్లే తిరుగుతుంది.

యూఎస్‌బీని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. ఎక్స్‌ఫ్యాట్ సీడీజే-3000లో నడుస్తుంది, పాతవాటిలో నడవదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఎందులోనూ వద్దు. విండోస్‌లో మామూలు ఫార్మాట్ విండో 32 జీబీ దాటిన డ్రైవ్‌కి ఫ్యాట్32 చూపించకపోతే రూఫస్ లాంటి ఫార్మాట్ సాఫ్ట్‌వేర్ వాడండి. మ్యాక్‌లో అయితే స్కీమ్ దగ్గర మాస్టర్ బూట్ రికార్డ్ ఎంచుకోవాలి. ఓపస్-క్వాడ్ లాంటి కొత్త మెషీన్లకి రెకార్డ్‌బాక్స్‌లో డివైస్ లైబ్రరీ ప్లస్ కూడా ఎక్స్‌పోర్ట్ అయ్యుండాలి, లేకపోతే ప్లేలిస్ట్‌లు కనిపించవు.

సెట్ అయ్యాక ప్లేయర్ ఆ యూఎస్‌బీలో హిస్టరీ అనే ప్లేలిస్ట్ రాసిపెడుతుంది. ఇంటికెళ్లి రెకార్డ్‌బాక్స్‌లో తెరిచి, ఏది దేని తర్వాత వెళ్లిందో చూసి, బాగా కుదిరిన జోడీలను టెక్స్ట్‌గా పంపండి. దాదాపు నిమిషం పాటు నడిస్తేనే పాట అందులో చేరుతుంది. కాబట్టి ఇరవై సెకన్లు వేసి తీసేసినవి కావాలంటే అప్పటికప్పుడు ఫోన్‌లో రాసుకోవలసిందే.