ఓహై మొక్కను విత్తనం నుంచి పెంచడం ఎలా?

హవాయి దీవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని పొద ఓహై. శాస్త్రీయ నామం సెస్బానియా టొమెంటోసా. పేరు కొత్తగా ఉన్నా కుటుంబం మనం ఎరిగినదే. పెరట్లో పెంచే అవిసె, పచ్చిరొట్ట కోసం వరి మడిలో చల్లే జీలుగ దీనికి దగ్గరి చుట్టాలు. సముద్రపు ఒడ్డున ఇసుకలో నేలబారుగా పాకుతుంది, కొన్నిచోట్ల గుబురుగా లేస్తుంది. ఆకుల మీద వెండి రంగు నూగు ఉంటుంది. పూలు అవిసె పూల తీరులోనే, ఎరుపు నుంచి పసుపు దాకా రకరకాల ఛాయల్లో పూస్తాయి.

అవిసాకు కనిపిస్తే మేకలు ఆగుతాయా? ఓహైకీ అదే ముప్పయింది. బయటి నుంచి తెచ్చిన మేకలు, పశువులు మేసేయగా, తీరం వెంట ఇళ్లూ బండ్లూ పెరగగా మొక్క బాగా తగ్గిపోయింది. 1994లో అమెరికా ప్రభుత్వం దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చింది. హవాయిలో ఉంటున్న మనవాళ్లు ఇంటి దగ్గర దీన్ని పెంచుకోవచ్చు, కాకపోతే పద్ధతి ప్రకారం.

ముందు విత్తనం సంగతి

ఓహై సహజంగా పెరిగే ఓవాహు దీవిలోని కయేనా పాయింట్‌కు షికారుకెళ్లి కాయ కోసుకురావడం చట్టరీత్యా నేరం. అనుమతి ఉన్న నర్సరీలోనే కొనండి. అది ఏ దీవి మొక్క నుంచి వచ్చిందో కూడా అడగండి. ఒక్కో దీవి రకానికి ఒక్కో తీరు ఉంటుంది, కలగాపులగం చేయకపోవడమే మంచిది. 'ఓహై అలీ' అని ఇంకో మొక్క దొరుకుతుంది. అది మన రత్నగంధే, మోసపోకండి!

గింజకు గాటు పెట్టడం

అసలు కిటుకు ఇక్కడే ఉంది. గింజ పైపొర చాలా గట్టిది, నీటిని లోపలికి రానివ్వదు. అలాగే నాటితే నెలల తరబడి మట్టిలో పడి ఉంటుంది. గోళ్లు కత్తిరించే కట్టర్‌తో గింజ అంచున చిన్న గాటు పెట్టండి. కాయకు అతుక్కుని ఉన్న మచ్చ వైపు మాత్రం కాదు, మొలక వచ్చేది అటు నుంచే. లోపలి లేత రంగు కనిపిస్తే చాలు, ఇంకా లోతుకు పోతే పప్పు దెబ్బతింటుంది. తర్వాత రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున్నే ఉబ్బినవి నాటడానికి సిద్ధం. ఉబ్బనివాటికి మళ్లీ గాటు పెట్టి నానేయండి. శంఖుపూల గింజలకీ, తురాయి గింజలకీ ఇదే చిట్కా పనిచేస్తుంది.

నాటడం, నీళ్లు

వేరు కదిలితే ఓహైకి పడదు. అందుకే ట్రేలో మొలిపించి పీకి నాటకుండా, లోతైన కుండీలో నేరుగా అర సెంటీమీటరు లోతున వేయండి. మట్టిలో ఇసుక, పెర్లైట్ (నర్సరీల్లో దొరికే తేలికైన తెల్లటి గుళికలు) లేదా లావా రాతి ముక్కలు ధారాళంగా కలపాలి. నేలలోకి మార్చాల్సి వస్తే మట్టిముద్ద విడిపోకుండా దించండి. రోజంతా ఎండ తగిలే చోటే కావాలి.

మొలక నిలదొక్కుకునేదాకా తడి ఆరకుండా చూడండి. ఆ తర్వాత పైమట్టి పూర్తిగా ఆరాకే నీళ్లు. జీలుగ నీళ్లు నిలిచిన మడిలోనూ బతుకుతుంది కదా అని దీనికీ రోజూ పోశారో, వేరు కుళ్లిపోతుంది. చాలామంది ప్రేమ ఎక్కువై పోగొట్టుకునేది ఇలాగే. ఎరువు టెన్షన్ కూడా పెట్టుకోకండి. చిక్కుడు కుటుంబపు మొక్క, వేరు బుడిపెల్లో నత్రజనిని తానే సమకూర్చుకుంటుంది.

పురుగులు

కొమ్మలో సన్నని రంధ్రం కనిపించి పైభాగం వాడిపోతుంటే లోపల తొలిచే పురుగు ఉన్నట్టే. ఆ కొమ్మను కోసి మొక్కకు దూరంగా నాశనం చేయండి. చీమలు వరస కట్టాయంటే ఆకు అడుగున పిండినల్లి ఉందేమో చూసి నీటి ధారతో కడిగేయండి. పూత మీద పురుగుమందు కొట్టకండి. ఈ పూలకు వచ్చే పసుపు ముఖం తేనెటీగలు కూడా హవాయికే ప్రత్యేకం, వాటిలో 7 జాతులు 2016లో ప్రమాద జాబితాకెక్కాయి.

ఓహై ఎక్కువ కాలం బతికే మొక్క కాదు. కాయలు గోధుమ రంగుకు ఎండగానే కోసి, గింజలు కాగితపు కవరులో పొడిగా దాచి, పైన దీవి పేరు, తేదీ రాయండి. మిగిలిన గింజలను బీచ్‌లో చల్లకండి. సెలవులకు ఇండియా వస్తూ సూట్‌కేసులో అసలే పెట్టకండి, అనుమతి లేకుండా దేశం దాటించడం కూడా నేరమే.