దిగులుకు ఒక వేళ పెట్టండి

దిగులు పడొద్దని చెప్తే మనసు వినదు. వద్దన్న ఆలోచనే మళ్లీ మళ్లీ వస్తుంది. ఆపడం కన్నా వాయిదా వేయడం తేలిక.

దిగులు పడటానికంటూ రోజూ ఒకే సమయం, ఒకే చోటు ఎంచుకోండి. 15 నుంచి 20 నిమిషాలు చాలు, అంతసేపటికి అలారం పెట్టుకోండి. పడుకోబోయే ముందు వద్దు, మంచం మీద అసలే వద్దు. పక్క ఎక్కగానే ఆలోచనలు మొదలయ్యే అలవాటు పడుతుంది. మిగతా వేళల్లో ఏదైనా గుచ్చుకుంటే కాగితం మీద నాలుగైదు మాటల్లో రాసి, చేస్తున్న పనికి వెళ్లిపోండి. వివరంగా రాస్తూ కూర్చుంటే అది వాయిదా కాదు, దిగులే.

ఆ వేళకు కాగితం తీయండి. కొన్ని అప్పటికే చప్పబడి ఉంటాయి, కొట్టేయండి. మీ చేతిలో ఉన్నవాటికి రేపు చేయగల ఒక్క పని రాయండి: ఎవరికి ఫోన్ చేయాలి, ఎన్నింటికి. "అతనికి నామీద కోపమేమో" లాంటివి ఊహలు. వాటి పక్కన మీరు కళ్లారా చూసింది, చెవులారా విన్నది మాత్రమే రాయండి. ఏమీ లేకపోతే అతన్ని అడగాల్సిన ప్రశ్న రాసుకోండి. చేతిలో లేనివి అలాగే ఉండనివ్వండి. అలారం మోగితే సగంలో ఉన్నా లేవాలి.

మొదట్లో చిరాగ్గానే ఉంటుంది, పదిసార్లు వాయిదా వేసినా ఆలోచన తిరిగొస్తుంది. అది మామూలే. అసలు తప్పు జరిగేది ఇంకోచోట: దిగులు లేని రోజున ఆ వేళను ఎగ్గొడతారు. ఇక "తర్వాత చూద్దాం" అంటే మనసు నమ్మదు. ఆ రోజూ ఐదు నిమిషాలైనా కూర్చోండి. నిద్ర, తిండి దెబ్బతినేంత దిగులు వారాల తరబడి ఉంటే మాత్రం డాక్టరును కలవండి.