టాపెట్లే అనుకున్నాం, తప్పు సైలెన్సర్‌ది

మా 100 సీసీ బండి రోజూ శ్రీకాకుళం, కళింగపట్నం మధ్య తిరిగేది. ఉదయం స్టార్ట్ చేయగానే టక్‌టక్‌మనేది. మెకానిక్ రెండుసార్లు టాపెట్లు (ఇంజిన్ వాల్వులను తెరిచే భాగాలు) సరిచేశాడు. శబ్దం మాత్రం కదలలేదు. చివరికి తేలిందేమిటంటే, ఇంజిన్ హెడ్‌కు సైలెన్సర్ బెండు పైపు కలిసే చోట పొగ బయటికి పోకుండా ఆపే రింగు గ్యాస్కెట్ పాడైంది.

చల్లగా ఉన్నప్పుడు టక్‌టక్, వేడెక్కాక తగ్గుదల

సాధారణంగా ఈ గ్యాస్కెట్ లీకే. లోహం వ్యాకోచించి సందు కొంత మూసుకుంటుంది కాబట్టి శబ్దం తగ్గుతుంది. టాపెట్లు వదులైతే వేడెక్కాక కూడా సన్నగా, లయగా కొట్టుకుంటూనే ఉంటాయి. పిస్టన్ అరిగినా చల్లటి ఇంజిన్‌లోనే మోత ఎక్కువ, కానీ అది మొద్దుగా ఉంటుంది. నీలం పొగ కూడా కనిపించవచ్చు.

పరీక్ష తేలిక. బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, సైలెన్సర్ చివర మందపాటి తడిగుడ్డను ఒక్క క్షణం అదిమి పట్టండి. లీకుంటే బెండు దగ్గర ‘స్‌స్’మంటుంది, చుట్టూ నల్లటి మసి కనిపిస్తుంది. కొత్త రింగు వేయండి. పాతది ఒకసారి నలిగిపోయాక మళ్లీ సరిగా అతకదు. రెండు నట్లనూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి. సముద్రపు గాలి తగిలే బండి అయితే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె వేసి ఉంచండి. నట్టు పట్టే మర కడ్డీ (స్టడ్) విరిగి హెడ్‌లో ఉండిపోతే రింగు పనికి వెళ్లినవారు లేతు పనిదాకా వెళ్లాల్సివస్తుంది.

యాక్సిలరేటర్ వదలగానే ఫట్‌ఫట్

ఇదే లీకు గుండా బయటి గాలి లోపలికి చేరి, మిగిలిన పెట్రోలు సైలెన్సర్‌లో మండుతుంది. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువైనా ఇలాగే ఉంటుంది. అయినా ముందు లీకు మూయండి. కార్బ్యురేటర్ స్క్రూ తిప్పడం తరవాతి మాట. ఇంధన ఇంజెక్షన్ బండ్లకు కార్బ్యురేటరే ఉండదు, కాబట్టి ఆ స్క్రూనే లేదు.

గలగల

ఇంజిన్ ఆపి, చల్లారాక సైలెన్సర్‌ను అరచేత్తో తట్టండి. అదే మోత వస్తే కవరు స్క్రూ వదులైంది, లేదా లోపలి పలకలు ఊడాయి. దగ్గర దగ్గర ప్రయాణాల్లో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు, లోపలి తేమ ఆరదు, తుప్పు తింటుంది. పలకలు ఊడితే వెల్డింగ్ కన్నా కొత్తది మేలని నా అనుభవం.

టాప్ గేరులో బరువుతో ఎక్కేటప్పుడు చిటచిట

నాకింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి ఒక్కసారిగా మండడం. గేరు తగ్గించండి.

కింది నుంచి బరువైన డబ్‌డబ్

ఇది సైలెన్సర్ గోల కాదు. ముందు ఇంజిన్ ఆయిల్ మట్టం చూడండి. ఆయిల్ సరిపడా ఉన్నా మోత వస్తుంటే పిస్టన్‌ను కింది క్రాంక్ ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగిందని అనుమానించాలి. ఆమదాలవలస దాకా ఎలాగో నెట్టుకొద్దామని అనుకోకుండా, అక్కడే ఆపి బండిని ఆటోలో ఎక్కించండి.